37 ఏళ్లకు ఎల్‌ఎల్‌బీ: ఉద్యోగం వదిలి మళ్లీ కాలేజీకి వెళ్లాలా?

హన్మకొండ_లెక్కలు | మార్చి 4, రాత్రి 10:50

అందరికీ నమస్కారం. నాకు 37 ఏళ్లు. 2008లో బీకాం పూర్తిచేశాను, 58 శాతం మార్కులు. పదమూడేళ్లుగా హన్మకొండలో ఒక బట్టల హోల్‌సేల్ వ్యాపారి దగ్గర అకౌంట్స్ చూస్తున్నాను. జీతం 28 వేలు. మా ఆయన ప్రైవేటు బడిలో లెక్కల సారు. పాప తొమ్మిది, బాబు ఐదో తరగతి.

నాకు లా చదవాలని ఉంది. నిన్న మొన్న పుట్టిన కోరిక కాదు. మా అమ్మకు పుట్టింటి భూమిలో వాటా కోసం ఆరేళ్లుగా దావా నడుస్తోంది. ప్రతి వాయిదాకూ అమ్మ వెంట నేనే పోతాను. మొదట్లో వకీలు సారు ఇచ్చిన కాగితాల్లో అమ్మ పేరు తప్ప ఇంకేమీ అర్థమయ్యేది కాదు. ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టేదాన్ని. తర్వాత తర్వాత ఒక్కో మాట అడిగి తెలుసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మా మేనమామలు వేసిన జవాబు మొత్తం చదవగలను. చదివినప్పుడల్లా, ఇది నేను నేర్చుకోగలిగిన విషయమే కదా అనిపిస్తుంది.

కోర్టు వరండాలో మా అమ్మ వయసు ఆడవాళ్లు చాలామంది కనబడతారు. "బిడ్డా, మా నంబర్ పిలిచిండ్రా, ఎప్పటికి పడ్డదో చూసి చెప్పవా" అని నన్ను అడుగుతారు. చూసి చెప్తాను. అంతకు మించి నాకేం తెలియదని వాళ్లకు తెలియదు.

నా సందేహాలు: ఈ వయసులో సీటు ఇస్తారా? బీకాం సరిపోతుందా? ఉద్యోగం చేస్తూ చదవొచ్చా? మా అత్తమ్మ "పాప పదో తరగతికి వస్తుంటే నువ్వు కాలేజీకి పోతావా" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఇంకా టెన్షన్‌గా ఉంది.

పాత_బెంచీ | మార్చి 5, ఉదయం 6:15

చెల్లెమ్మా, నేను జిల్లా కోర్టులో 22 ఏళ్లుగా ప్రాక్టీసు చేస్తున్నాను. తెలిసినంత చెప్తాను.

వయసు అడ్డు కాదు. వకీళ్ల మీద, లా చదువు మీద అజమాయిషీ చేసే బార్ కౌన్సిల్ ఒకప్పుడు వయోపరిమితి పెట్టాలని చూసింది, 2017లో సుప్రీంకోర్టు దాన్ని ఆపింది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. జనరల్ వాళ్లకు 45, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 శాతం ఉండాలి. మీకు 58 ఉంది కాబట్టి ఆ బెంగ లేదు. లాసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం, నెగెటివ్ మార్కులు లేవు. జనరల్ నాలెడ్జ్ 30, కరెంట్ అఫైర్స్ 30, మిగతా 60 చట్టం మీద అవగాహనకు సంబంధించినవి. క్వాలిఫై కావడానికి 42 వస్తే చాలు. కానీ మీకు సుబేదారిలోని కాకతీయ యూనివర్సిటీ లా కాలేజీలోనే సీటు కావాలంటే ర్యాంకు బాగుండాలి. ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది.

ఉద్యోగం చేస్తూ చదవడం దగ్గరే చిక్కు. ఎల్‌ఎల్‌బీ దూరవిద్యలో చేస్తే సనదు, అంటే వకీలుగా పనిచేయడానికి అనుమతి, ఇవ్వరు. రోజూ వెళ్లి చదవాల్సిన కోర్సు ఇది. 70 శాతం హాజరు ఉండాలన్నది బార్ కౌన్సిల్ నియమం.

మీ అమ్మగారి కేసు గురించి ఇక్కడ ఏమీ చెప్పను, అది మీ వకీలు గారి పని. మీరు మాత్రం ఒక్కటి ఆలోచించండి. మీకు కావలసింది చట్టం తెలియడమా, వకీలు కావడమా? రెంటికీ పట్టే ఏళ్లు వేరు, ఖర్చు వేరు.

కరీంనగర్_శీను | మార్చి 5, ఉదయం 9:02

అక్కా, హాజరు గురించి అంత భయపడకండి. మా దోస్తు ఒకతను ఫ్యాక్టరీలో పనిచేస్తూనే పూర్తిచేశాడు. కొన్ని ప్రైవేటు కాలేజీలవాళ్లు పట్టించుకోరు, పరీక్షలకు వెళ్తే చాలు. అడిగి చూడండి.

పాత_బెంచీ | మార్చి 5, మధ్యాహ్నం 1:40

శీను తమ్ముడూ, నువ్వు సాయం చేద్దామనే చెప్పావు. అయినా ఈ సలహా ఇవ్వకు. 2024 సెప్టెంబర్‌లో బార్ కౌన్సిల్ అన్ని లా కాలేజీలకు సర్క్యులర్ పంపింది. బయోమెట్రిక్ హాజరు పెట్టాలి, తరగతి గదుల్లో కెమెరాలు ఉండాలి, ఉద్యోగం చేస్తున్నారా, అదే సమయంలో ఇంకో రెగ్యులర్ డిగ్రీ చదువుతున్నారా అన్నది విద్యార్థి రాసివ్వాలి. అబద్ధం రాసి సంపాదించిన డిగ్రీతో మూడేళ్ల తర్వాత సనదు దగ్గర దొరికితే ఆ మూడేళ్లూ పోతాయి.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దది. క్లాసుకు రాకుండా పాసైన పిల్లలు నా దగ్గర జూనియర్లుగా చేరారు. చేతిలో డిగ్రీ ఉంది, దావా అర్జీకి కాజ్ ఆఫ్ యాక్షన్, అంటే దావా ఎందుకు వేయాల్సి వచ్చిందో, రాయమంటే పెన్ను కదలదు. వరండాలో ఆ పెద్దమ్మ అడిగేది అలాంటి వకీలును కాదు కదా.

నల్లరేగడి | మార్చి 5, రాత్రి 9:30

నేను మీకు పరిచయం లేదు, అయినా రాయాలనిపించింది. మాది కర్నూలు వైపు. మెకానికల్ చదివి ఎనిమిదేళ్లు ఉద్యోగం చేశాక, 33 ఏళ్లకు మానేసి ఎంబీఏలో చేరాను. ఒక ప్రైవేటు కాలేజీ, ఏడు లక్షలు లోను. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు ఖాయమని చెప్పి చేర్చుకున్నారు. రెండేళ్ల తర్వాత నా బ్యాచ్‌కు వచ్చిన కంపెనీలు ఇరవై రెండేళ్ల వాళ్లను అడిగాయి. నాకొచ్చిన ఉద్యోగం పాత జీతం కంటే తక్కువ. లోను ఈఎంఐ మాత్రం మొన్నటి దాకా కట్టాను.

చదువు తప్పని అనడం లేదు. అక్కడ నేర్చుకున్నది ఇప్పటికీ వాడుతున్నాను. నేను చేసిన తప్పు, చేరేముందు ఆ కాలేజీలో చదివి బయటికొచ్చిన వాళ్లలో నా వయసు వాడు ఒక్కడైనా ఉన్నాడా అని వెతకలేదు. ఉద్యోగం మీద విసుగొచ్చి, చదువు పేరుతో దాన్నుంచి తప్పించుకున్నాను. మీ పోస్టు చదివితే మీ సంగతి అలా కనబడలేదు. అయినా అడుగుతున్నా మేడమ్, 28 వేలు ఆగిపోతే మొదటి నెల ఏది కట్టడం మానేస్తారు? కాగితం మీద రాసుకోండి. నేను రాసుకోలేదు.

రాత్రి_డ్యూటీ | మార్చి 6, ఉదయం 7:25

అమెరికాలో టెక్సాస్ నుంచి రాస్తున్నాను. నాది వేరే కథ కానీ ప్రశ్న ఒకటే. విశాఖలో ఎంసీఏ చేశాను. పెళ్లయ్యాక, ఇక్కడ ఉద్యోగం చేసేవాళ్ల భార్యాభర్తలకిచ్చే హెచ్4 వీసా మీద వచ్చి ఆరేళ్లు ఇంట్లో ఉన్నాను. ఆ వీసా మీద చదువుకోవచ్చు, ఈఏడీ అనే పని అనుమతి లేకుండా ఉద్యోగం చేయకూడదు. 35 ఏళ్లకు నర్సింగ్ అన్నాను. మా నాన్నగారు ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. ఎంసీఏ చదివించింది ఇందుకా అన్నది ఆయన బాధ.

ఇక్కడ ఏదైనా డిగ్రీ ఉన్నవాళ్లకు త్వరగా పూర్తయ్యే నర్సింగ్ డిగ్రీ ఉంటుంది, నాది 15 నెలలు. కానీ దానికి ముందు అనాటమీ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ చదవాలి. ఇంటర్‌లో ఎంపీసీ నేను, కప్ప బొమ్మ కూడా గీసినదాన్ని కాదు. ఎముకల పేర్లు వంటింట్లో అల్మారా తలుపుల మీద అంటించుకుని గిన్నెలు తోముతూ చదివాను. ఆ తర్వాత క్లినికల్స్, పొద్దున ఆరున్నరకు ఆసుపత్రిలో ఉండాలి. చివర్లో నర్సు లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ పరీక్ష. ఈఏడీ వచ్చాకే ఉద్యోగంలో చేరాను. ఇప్పుడు రాత్రి షిఫ్టు, పన్నెండు గంటలు.

మీతో చెప్పాలనుకున్నది ఏంటంటే, క్లాసులో నాకు కష్టమైంది వయసు కాదు. పదిహేనేళ్లుగా ఒక గంట కదలకుండా కూర్చుని చదివింది లేదు. ఆ కూర్చోవడం మళ్లీ అలవాటు కావడానికి నాలుగు నెలలు పట్టింది. లాసెట్‌కు ఇంకా సమయం ఉంది కాబట్టి ఇప్పటినుంచే రోజూ ఒకే వేళకు కూర్చోండి. ఏం చదివినా సరే.

వేపచెట్టు_నీడ | మార్చి 6, సాయంత్రం 5:10

మీ అత్తమ్మ గారి మాట గురించి రాస్తాను, ఎందుకంటే ఆ పాపను నేనే. నేను తొమ్మిదిలో ఉండగా మా అమ్మ బీఈడీలో చేరింది. మాది నల్గొండ జిల్లాలో చిన్న ఊరు. పొద్దున ఏడు గంటల బస్సుకు వెళ్లేది. నా జడలు నాన్న వేసేవాడు, వంకరగా. బడిలో నవ్వేవాళ్లు. పదో తరగతి ప్రీ ఫైనల్స్ అప్పుడు నాకు జ్వరం వస్తే అమ్మకు టీచింగ్ ప్రాక్టీస్ ఉండి వెళ్లిపోయింది. ఆ రోజు కోపం నాకు చాలా ఏళ్లు ఉంది. అబద్ధం చెప్పను.

కానీ అదే ఏడాది రాత్రి పూట మేమిద్దరం ఒకే చాప మీద కూర్చుని చదివేవాళ్లం. అమ్మకు సైకాలజీ పేపరు నేను అప్పజెప్పించుకునేదాన్ని. అంత దగ్గరగా మళ్లీ ఎప్పుడూ లేము. ఆమె ఇప్పుడు ప్రభుత్వ బడిలో టీచర్.

అక్కా, పాపకు ముందే చెప్పండి. ఏ రోజుల్లో ఇంట్లో ఉండరో, ఏ పరీక్షలప్పుడు తప్పకుండా ఉంటారో. మా అమ్మ నాకు చెప్పలేదు, చిన్నపిల్ల అనుకుంది. అదొక్కటే నొచ్చింది.

హన్మకొండ_లెక్కలు | మార్చి 6, రాత్రి 11:20

అందరికీ దండాలు. వేపచెట్టు చెల్లీ, నీ పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. జడలు నేర్చుకుంటానన్నాడు.

నల్లరేగడి అన్నా, మీరు చెప్పినట్టు రాశాను. ఇద్దరి జీతాలు కలిపి 54 వేలు. ఇంటి అద్దె 9, చిట్టీ 5, పిల్లల బడి నెలకు సగటున 6, అమ్మ మందులు 2, కిరాణా, పాలు, కరెంటు, బండి అన్నీ కలిపి 19. మిగిలేది 13. అందులోంచి కోర్టు ఖర్చులు, పండగలు, ఇంటికొచ్చే చుట్టాలు. నా 28 వేలు ఆగిపోతే నెలకు 15 వేలు తక్కువ పడతాయి, చిట్టీ ఆపినా పది. మూడేళ్లు అలా గడవదు. రాసుకున్నాక చాలాసేపు అలాగే కూర్చున్నాను.

పాత బెంచీ అన్నా, మీ ప్రశ్నకు జవాబు: వకీలే కావాలి. మా కేసు సంగతి అడగను, చట్టం సంగతి అడగొచ్చా? మా అమ్మ పెళ్లి 1984లో అయింది. తాతయ్య 2001లో పోయాడు. అమ్మకు హక్కు లేదని కొందరు, ఉందని కొందరు అంటారు. ఇద్దరూ చట్టమే చెప్తున్నామంటారు. ఇదెట్లా?

పాత_బెంచీ | మార్చి 7, ఉదయం 6:05

చట్టం చెప్తాను, ఇది మీకు మొదటి పాఠం అనుకోండి.

ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం. 1986లో సవరణ చేసి 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తింపజేసింది. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను అందులో కలపలేదు. మీ అమ్మగారి తరం చాలామంది అక్కడ ఆగిపోయారు. 2005లో కేంద్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది, సెప్టెంబర్ 9 నుంచి అమలు. ఇందులో పెళ్లి అడ్డు లేదు. అయితే ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల బెంచి ఆ మాటను పక్కనపెట్టింది. హక్కు పుట్టుకతో వచ్చేది కాబట్టి తండ్రి బతికి ఉండనక్కర్లేదు అంది. 2004 డిసెంబర్ 20కి ముందు రిజిస్టరైన పంపకం గానీ, కోర్టు డిక్రీ గానీ ఉంటే వాటిని కదపరు. నోటిమాట పంపకాలను మామూలుగా ఒప్పుకోరు, గట్టి ప్రభుత్వ రికార్డులు ఉంటే తప్ప.

చూశారా, ఇద్దరూ చట్టమే చెప్పారు, ఎవరు ఏ సంవత్సరం దగ్గర ఆగారన్నదే తేడా.

ఇక ఖర్చు సంగతి. మీరు ఉద్యోగం అంటే నెల జీతం అనుకుంటున్నారు. మీ చేతిలో పదమూడేళ్ల అకౌంట్స్ పని ఉంది. జీఎస్టీ రిటర్నులు మీరే వేస్తారా?

హన్మకొండ_లెక్కలు | మార్చి 7, మధ్యాహ్నం 2:15

అవునన్నా. ప్రతి నెలా అమ్మకాల రిటర్ను 11లోపు, పన్ను కట్టే 3బీ రిటర్ను 20లోపు. మా సేట్‌వి, వాళ్ల బావమరిదివి కూడా నేనే వేస్తాను.

పాత_బెంచీ | మార్చి 7, రాత్రి 8:50

అయితే వినండి. బీకాం వాళ్లు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా, అంటే వ్యాపారుల తరఫున రిటర్నులు వేసేవాళ్లుగా, నమోదు చేసుకోవచ్చు. చిన్న దుకాణాల వాళ్లు పది పన్నెండు మంది దొరికితే సాయంత్రాలు, ఆదివారాలు ఆ పని చేసుకోవచ్చు. పగలు కాలేజీ. ఇలాంటి పని చేస్తున్నట్టు కాలేజీకి ముందే చెప్పండి. సనదు తీసుకునే రోజుకు ఈ వ్యాపారం ఆపేయాలి. పూర్తికాలం జీతం తీసుకుంటూ ప్రాక్టీసు చేయడానికి కూడా వీల్లేదు. అయితే వకీలుగా జీఎస్టీ అప్పీళ్లు వాదించవచ్చు. జిల్లాలో లెక్కలు తెలిసిన వకీళ్లు తక్కువ.

మొదటి రెండు మూడేళ్లు జూనియర్‌గా వచ్చేది చాలా తక్కువ ఉంటుంది. పట్టణాల్లో నెలకు 20 వేలు, పల్లెల్లో 15 వేలు స్టైపెండ్ ఇవ్వాలని 2024లో బార్ కౌన్సిల్ చెప్పింది గానీ అది సలహా మాత్రమే. సిగ్గుపడుతూ చెప్తున్నా, నేను అంత ఇవ్వలేకపోతున్నాను.

గోదారి_గట్టు | మార్చి 8, ఉదయం 10:30

రాజమండ్రి నుంచండి. నేను బ్యాంకులో ఉంటూ 46 ఏళ్లకు దూరవిద్యలో ఎంఏ తెలుగు చేశాను. నాకు ఉద్యోగం మారక్కర్లేదు, పద్యం అర్థం కావాలి అంతే. కాబట్టి సెలవు పెట్టింది పరీక్షలకే. మీది అలాంటి చదువు కాదండి. ఇక్కడ చాలామంది మీరెలాగైనా చేయగలరు అంటారు, వాళ్ల మాట కంటే పాత బెంచీ గారు వేసిన లెక్క వినండి.

మూడో_సెమిస్టర్ | మార్చి 8, రాత్రి 10:05

నేను ఆర్మీలో 17 ఏళ్లు చేసి వచ్చి, 41 ఏళ్లకు హైదరాబాద్‌లో ఎల్‌ఎల్‌బీలో చేరాను. మేడమ్, మా క్లాసులో నాలాంటివాళ్లు తొమ్మిదిమంది. ఒకాయన రిటైరైన తహసీల్దారు. ఒకావిడ మనవరాలిని బడిలో దింపి వస్తుంది. లా కాలేజీలో మిమ్మల్ని ఎవరూ వింతగా చూడరు.

ఎవరూ చెప్పని కష్టం ఒకటుంది, చేతిరాత. మూడు గంటలు ఆపకుండా రాయాలి. మొదటి సెమిస్టర్ పరీక్షలో రెండు గంటలకు నా వేళ్లు బిగుసుకుపోయాయి, తెలిసిన ప్రశ్న వదిలేశాను. అప్పటినుంచి రోజూ రాత్రి నాలుగు పేజీలు రాస్తున్నాను. ఇంకొకటి, చేరగానే బేర్ యాక్టులు, అంటే చట్టం పాఠం ఉన్నదున్నట్టుగా ఉండే పుస్తకాలు కొనండి, గైడ్లు కాదు. ఐపీసీ, సీఆర్‌పీసీ, సాక్ష్య చట్టం, ఈ మూడు నేరచట్టాలు 2024 జూలై 1 నుంచి మారాయి కాబట్టి సీనియర్ల పాత పుస్తకాలు ఊరికే ఇచ్చినా ఆ మూడు మాత్రం తీసుకోకండి.

తాండూరు_రాయి | మార్చి 9, ఉదయం 8:45

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. పదో తరగతి పాసయ్యాను. ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో ఎంట్రన్స్ రాసి నేరుగా డిగ్రీ చేశాను. నేను కూడా ఎల్‌ఎల్‌బీ చేయొచ్చా?

పాత_బెంచీ | మార్చి 9, రాత్రి 9:15

తమ్ముడూ, బాధగా ఉంది గానీ కుదరదు. ఇంటర్ లేకుండా నేరుగా చేసిన ఓపెన్ డిగ్రీతో లా కోర్సుకు అర్హత లేదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఎవరైనా డబ్బు తీసుకుని సీటు ఇప్పిస్తామంటే ఇవ్వకు. నీకు దారి వేరే ఉంది. పది ఉంది కాబట్టి ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ రాయి. తర్వాత ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకి లాసెట్ రాయొచ్చు. పొడవైన దారే. చేరేముందు కాలేజీలో కాగితాలన్నీ చూపించి అడుగు.

హన్మకొండ_లెక్కలు | జూలై 2, రాత్రి 9:40

లాసెట్‌లో క్వాలిఫై అయ్యాను, 81 మార్కులు. మా సేట్‌తో మాట్లాడాను. భయపడుతూ వెళ్లాను, ఆయన కోపగించుకోలేదు. తన లెక్కలు, బావమరిది లెక్కలు నెలకు ఇంత అని నాకే ఇస్తానన్నాడు. ఇంకో నలుగురు దుకాణదారులు ఒప్పుకున్నారు. చిట్టీ ఆపేశాం. ఇంకా నెలకు రెండు వేలు తక్కువ పడుతోంది, అది ఎట్లాగో చూడాలి. అత్తమ్మ ఏమీ అనలేదు కానీ సాయంత్రం వంట తాను చేస్తానంది.

రాత్రి_డ్యూటీ | జూలై 3, ఉదయం 6:50

డ్యూటీ దిగి కారులో కూర్చుని చదివాను. ఏడ్చేశాను. కౌన్సెలింగ్‌కు ఒరిజినల్స్ అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి.

హన్మకొండ_లెక్కలు | నవంబర్ 16, రాత్రి 11:30

చాలా రోజులకు రాస్తున్నాను. మొదటి విడతలో సుబేదారి రాలేదు, రెండో విడతలో వచ్చింది. క్లాసులు మొదలై నెల దాటింది.

రాత్రి డ్యూటీ అక్కా, కూర్చోవడం గురించి మీరన్నది నిజం. మొదటి వారం కాంట్రాక్ట్స్ క్లాసులో తల తిరిగింది. మూడో సెమిస్టర్ సార్, రోజూ మూడు పేజీలు రాస్తున్నా, నాలుగోది ఇంకా కావడం లేదు. 11వ తేదీ రిటర్నుల ముందు రెండు రాత్రులు నిద్ర లేదు, మరునాడు క్లాసులో కునుకు పట్టింది. పక్కన కూర్చునే అమ్మాయికి 22 ఏళ్లు, నోట్స్ ఫోటో తీసి పంపింది. నన్ను ఆంటీ అనాలా అక్కా అనాలా అని అడిగింది. అక్కా అనమన్నాను.

పోయిన మంగళవారం ఫ్యామిలీ లాలో హిందూ వారసత్వ చట్టం ఆరో సెక్షన్ వచ్చింది. మేడమ్ బోర్డు మీద 1985, 2005, 2020 అని రాశారు. నేను చేయెత్తి 1985కు ముందు పెళ్లయిన వాళ్ల సంగతి అడిగాను. మేడమ్ ఆ ఒక్క ప్రశ్న మీద అరగంట చెప్పారు.

శుక్రవారం అమ్మ వాయిదా. క్లాసు పోతుందని అమ్మ ఒక్కతే వెళ్తానంది. హాజరు లెక్క చూసుకున్నాను, సరిపోతుంది, వెళ్లాను. మా కేసు జనవరికి పడింది. వరండాలో ఎప్పుడూ కనబడే పెద్దమ్మ తన కాగితం ఇచ్చి నంబర్ చూడమంది. నంబర్ చూశాక కాగితం కూడా చదివి, ఇది స్టే కాదు పెద్దమ్మా, నోటీసు, నీ వకీలు సారుకు ఈరోజే చూపించు అన్నాను. ఆమె నా ఫోన్ నంబర్ అడిగింది. ఇంకా చదువుకుంటున్నానని చెప్పాను. "ఎప్పుడైపోతది బిడ్డా" అంది. ఇంకా రెండున్నరేళ్లు అన్నాను.

పాత బెంచీ అన్నా, సెలవుల్లో మీ ఆఫీసులో కూర్చుని ఫైళ్లు చదవడానికి వస్తే ఒప్పుకుంటారా? స్టైపెండ్ అడగను.

పాత_బెంచీ | నవంబర్ 17, ఉదయం 6:00

సంక్రాంతి సెలవుల్లో రండి చెల్లెమ్మా. ఎనిమిదిన్నరకల్లా ఆఫీసు తీస్తాను. ఒక పెద్ద నోటుపుస్తకం తెచ్చుకోండి.